ఎన్నికల సంఘానికి సొంత మనుషులెంతమంది? కోడ్ వచ్చాక కలెక్టర్ ఎవరి మాట వినాలి?

కొల్లేటి_కొంగ
అందరికీ నమస్కారం. ఎన్నికలొచ్చినప్పుడల్లా "ఈసీకి ఫిర్యాదు చేశాం", "ఈసీ బదిలీ చేసింది", "ఈసీ ఏం చేస్తోంది" అని వింటూనే ఉంటాం. అసలీ ఈసీ అంటే ఎవరు? ఢిల్లీలో కూర్చున్న ముగ్గురేనా? మా జిల్లాలో ఎన్నికలు నడిపింది కలెక్టరు, ఆర్డీవోలు, తహసీల్దార్లు, బడి పంతుళ్లు. అందరూ రాష్ట్ర ప్రభుత్వ జీతగాళ్లే. ఆ నెలన్నర వాళ్ల పై అధికారి ఎవరు? కోడ్ ఎత్తేశాక మళ్లీ సచివాలయం చెప్పినట్టే వినాలి కదా, అలాంటప్పుడు ఢిల్లీ మాట ఎందుకు ఖాతరు చేస్తారు? పార్టీల గొడవ వద్దు. లోపలి అమరిక తెలిసినవాళ్లు చెప్పండి.

గ్రూప్స్_గురవయ్య
అధికరణ 324. ఏర్పాటు 1950 జనవరి 25. అందుకే ఆ రోజు జాతీయ ఓటర్ల దినోత్సవం, 2011 నుంచి జరుపుతున్నారు. తొలి ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్. 1993 అక్టోబరు నుంచి ముగ్గురు సభ్యులు. పదవీకాలం ఆరేళ్లు లేదా 65 ఏళ్ల వయసు, ఏది ముందైతే అది. జీతం సుప్రీంకోర్టు జడ్జితో సమానం. లోక్‌సభ, శాసనసభ, రాజ్యసభ, శాసనమండలి, రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికలు వీళ్ల పరిధి.

ఓరుగల్లు_శీను
గురవయ్యా, ఇది బిట్ పేపర్ కాదు. కొంగ అడిగింది కలెక్టర్ సంగతి.

రిటైర్డ్_ఆర్డీవో
కొంగ గారు మంచి ప్రశ్న వేశారు. కాస్త పెద్దదే రాస్తాను.

ఢిల్లీలో అశోకా రోడ్డు మీద నిర్వాచన్ సదన్ ఉంటుంది. ముగ్గురు కమిషనర్లు, వాళ్ల కింద డిప్యూటీ ఎన్నికల కమిషనర్లు. ఈ డిప్యూటీలు ఎక్కువగా ఐఏఎస్ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు. ఒక్కొక్కరికి కొన్ని రాష్ట్రాలు అప్పగిస్తారు. ఆ కింద కార్యదర్శులు, సెక్షన్లు. మొత్తం కలిపినా కొన్ని వందల మందే. 2024లో దేశంలో ఓటర్లు 96.88 కోట్లు, పోలింగ్ కేంద్రాలు పదిన్నర లక్షలు, పోలింగ్ పనిలోకి దిగిన సిబ్బంది, భద్రతా బలగాలు కోటిన్నర దాకా. ఆ కొన్ని వందల మందికీ ఈ కోటిన్నరకూ మధ్య ఉన్నదంతా అప్పు తెచ్చుకున్న యంత్రాంగమే.

రాష్ట్రంలో ముఖ్య ఎన్నికల అధికారి, అంటే సీఈవో. రాష్ట్ర ప్రభుత్వాన్ని సంప్రదించి సంఘం నియమిస్తుంది. ఆచరణలో ప్రభుత్వం కొందరు ఐఏఎస్‌ల పేర్లు పంపుతుంది, సంఘం ఒకరిని ఎంచుకుంటుంది. జిల్లాలో కలెక్టరే జిల్లా ఎన్నికల అధికారి. నియోజకవర్గానికి ఇద్దరు అధికారులని గుర్తుపెట్టుకోండి. ఓటర్ల జాబితా చూసేది ఈఆర్వో. నామినేషన్ నుంచి ఫలితం ప్రకటన దాకా నడిపేది రిటర్నింగ్ అధికారి. చాలాచోట్ల రెండూ ఒకే మనిషి చేస్తాడు గానీ చట్టాలు వేరు. మొదటిది 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం, రెండోది 1951 చట్టం.

పై అధికారి ఎవరన్నది 1951 చట్టం సెక్షన్ 28ఏలో ఉంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన రోజు నుంచి ఫలితం ప్రకటించేదాకా రిటర్నింగ్ అధికారి, ప్రిసైడింగ్ అధికారులు, ఎన్నికల విధుల్లో పెట్టిన పోలీసులు అందరూ సంఘానికి డిప్యుటేషన్ మీద ఉన్నట్టే లెక్క. అజమాయిషీ, క్రమశిక్షణ సంఘానివి. జాబితా పని చేసేవాళ్లకి 1950 చట్టంలో 13సీసీ ఉంది, అదీ అలాంటిదే. కలెక్టర్ కుర్చీ మారదు, జీతం పద్దు మారదు, కానీ ఆ కాలానికి యజమాని మారతాడు.

నేను రిటర్నింగ్ అధికారిగా చేసినవాణ్ని కాబట్టి ఒక సంగతి చెప్పాలి. నామినేషన్ల పరిశీలన రోజున కలెక్టరైనా సరే "ఇది తీసుకో, అది తిరస్కరించు" అని నాకు చెప్పలేడు. అది రిటర్నింగ్ అధికారి సొంత తీర్పు. కారణం రాసి సంతకం పెట్టాలి. తప్పయితే ఎన్నికయ్యాక హైకోర్టులో ఎన్నికల పిటిషన్‌లోనే తేలాలి. మధ్యలో కోర్టులు సాధారణంగా వేలు పెట్టవు, అధికరణ 329 అడ్డు. ఆ రోజు గదిలో రెండు పార్టీల లాయర్లు, బయట జనం. తహసీల్దారు మంచినీళ్లు అందిస్తుంటే కూడా చెయ్యి వణికింది.

కొల్లేటి_కొంగ
ధన్యవాదాలు సార్. మరి రాష్ట్ర ప్రభుత్వం పగబడితే? ఆ నెలన్నర డిప్యుటేషన్ అన్నారు. ఆ తర్వాత?

నల్లకోటు
ఆ ప్రశ్న మీదే అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ గారు 1993 ఆగస్టులో దేశంలో ఎన్నికలన్నీ ఆపేశారు. 28ఏ చట్టంలోకి వచ్చింది 1988 సవరణతో. కానీ "డిప్యుటేషన్ అంటే క్రమశిక్షణ చర్య కూడా మాదే" అని సంఘం, "కాదు, సిబ్బంది మావాళ్లు" అని ప్రభుత్వం పట్టుబట్టాయి. మీ అధికారాలూ మా అధికారాలూ తేలేదాకా ఏ ఎన్నికా జరపనని ఆయన ఉత్తర్వు ఇచ్చారు. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అసలు తగాదా మాత్రం ఏళ్ల తరబడి సాగి 2000 సెప్టెంబరులో రాజీతో ముగిసింది.

రాజీ సారాంశం ఇది. ఎన్నికల విధుల్లో అలసత్వం చూపినా, ఉల్లంఘించినా సంఘం ఆ అధికారిని సస్పెండ్ చేయొచ్చు, తప్పించి ఇంకొకరిని పెట్టొచ్చు, క్రమశిక్షణ చర్యకు సిఫారసు చేయొచ్చు. ఆ సిఫారసు మీద ప్రభుత్వం ఆరు నెలల్లో చర్య తీసుకుని సంఘానికి తెలపాలి. చూశారుగా, శిక్ష వేసే చెయ్యి చివరికి ప్రభుత్వానిదే. ఎన్నికల వేళ సస్పెండైన అధికారి ఆరు నెలలకల్లా మంచి పోస్టులో కూర్చోవడం మీరంతా చూసే ఉంటారు. అమరికలో ఉన్న పెద్ద బొక్క ఇదే.

ఓరుగల్లు_శీను
2023 డిసెంబరు 3 గుర్తుందా? తెలంగాణ ఓట్ల లెక్కింపు ఇంకా నడుస్తుంటేనే డీజీపీ అంజనీకుమార్ వెళ్లి రేవంత్‌రెడ్డిని కలిసిండు. అదే రోజు సంఘం సస్పెండ్ చేసింది. కొన్ని రోజులకు ఎత్తేసింది. మరి కొరడా ఝళిపించినట్టా, జాలి చూపినట్టా?

నల్లకోటు
రెండూ. కానీ సస్పెండ్ చేసిందీ సంఘమే, ఎత్తేసిందీ సంఘమే. ప్రభుత్వం ఎత్తేయలేదు. నేను చెప్పే బొక్క వేరు.

విజయవాడ_వీధులు
ఆంధ్రాలో అయితే 2019 ఏప్రిల్‌లో ఏకంగా చీఫ్ సెక్రటరీనే మార్చేశారు. పునేఠా స్థానంలో ఎల్వీ సుబ్రహ్మణ్యం. అంతకుముందు ఇంటెలిజెన్స్ చీఫ్‌ని మారిస్తే, ఆయనకు ఎన్నికలతో పనేంటని ప్రభుత్వం హైకోర్టుకెళ్లి ఓడింది. 2024 మేలో డీజీపీని మార్చారు. 2019లో ఒక పార్టీ ఈసీని తిట్టింది, 2024లో రెండో పార్టీ తిట్టింది. తిట్టు మాత్రం ఒకటే.

ఓరుగల్లు_శీను
అరె భాయ్, మీ ఆంధ్రా పార్టీలు రెండూ ఒకటే, అసలు 2019ల...

*(ఈ సందేశంలో కొంత భాగం తొలగించాం. ఏ పార్టీ మంచిది, ఏది చెడ్డదన్న చర్చకు వేరే దారం ఉంది. ఇక్కడ సంస్థ గురించే మాట్లాడండి. — నిర్వాహకుడు)*

గ్రూప్స్_గురవయ్య
నల్లకోటు గారూ, సంఘానికి మొదట్లోనే సొంత సిబ్బందిని ఎందుకివ్వలేదు? మెయిన్స్‌లో ఇదే అడిగారనుకోండి, ఏం రాయాలి?

నల్లకోటు
1949 జూన్‌లో రాజ్యాంగ సభలో ఈ చర్చ జరిగింది. అంబేడ్కర్ వాదన సూటిగా ఉంది. ఎన్నికలకీ ఎన్నికలకీ మధ్య సంఘానికి చేతినిండా పని ఉండదు, అంతమందిని శాశ్వతంగా పెట్టి జీతాలివ్వడం దండగ, కావలసినప్పుడు రాష్ట్రాల నుంచి తీసుకుంటే చాలు. 324లోనే ఆరో క్లాజులో రాష్ట్రపతి, గవర్నర్లు సిబ్బందిని సమకూర్చాలని రాసింది అందుకే. అప్పటికది సబబే. ఇప్పుడు ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట ఎన్నికలే. జాబితా సవరణకైతే సెలవే లేదు.

అదే చర్చలో ఇంకో మాటుంది. కమిషనర్‌ని తీసేయడం కష్టం చేశాం సరే, మొదట నియమించేటప్పుడే మూర్ఖుణ్ణో, ధూర్తుణ్ణో, ప్రభుత్వం బొటనవేలి కింద ఉండేవాణ్ణో పెడితే ఆపే ఏర్పాటు రాజ్యాంగంలో లేదని అంబేడ్కర్ సభలోనే ఒప్పుకున్నారు. నియామకానికి పార్లమెంటు ఉభయసభల్లో మూడింట రెండొంతుల ఆమోదం ఉండాలని శిబ్బన్‌లాల్ సక్సేనా సవరణ తెచ్చారు. నెగ్గలేదు. "పార్లమెంటు చేసే చట్టానికి లోబడి రాష్ట్రపతి నియమిస్తారు" అని రాసి వదిలేశారు. నియామకంపై ఆ చట్టం రావడానికి 2023 దాకా పట్టింది.

కొల్లేటి_కొంగ
అంటే డెబ్భై మూడేళ్లు ప్రభుత్వం ఇష్టప్రకారమే పెట్టుకుందా?

రిటైర్డ్_ఆర్డీవో
అవును. ప్రధాని సలహా, రాష్ట్రపతి సంతకం. అన్ని పార్టీల ప్రభుత్వాలూ అలాగే చేశాయి. అయితే ఆ పద్ధతిలోనే సుకుమార్ సేన్ వచ్చారు, శేషన్ వచ్చారు, లింగ్డో వచ్చారు. తెలుగువాళ్లూ ఉన్నారు. 1986 నుంచి 1990 దాకా ఆర్.వి.ఎస్. పేరిశాస్త్రి. ఆయన పోయాక, 1990 నవంబరు చివర్లో తాత్కాలికంగా వి.ఎస్. రమాదేవి. పశ్చిమ గోదావరి చేబ్రోలు ఆవిడది. తొలి మహిళా ప్రధాన కమిషనర్, రెండు వారాలకు కాస్త పైన ఉన్నారు. ఆవిడ తర్వాతే శేషన్.

పేరిశాస్త్రి గారి కాలంలో ఒక తమాషా జరిగింది. 1989 సార్వత్రిక ఎన్నికల ముందు, అక్టోబరు 16న ప్రభుత్వం ఇద్దరు అదనపు కమిషనర్లని తెచ్చి పెట్టింది. ఒక్కరే ఉన్న సంఘం రాత్రికి రాత్రి ముగ్గురైంది. కొత్త ప్రభుత్వం రాగానే 1990 జనవరి 1న ఆ రెండు పోస్టులూ ఎగిరిపోయాయి. ధనోవా అనే కమిషనర్ సుప్రీంకోర్టుకెళితే పోస్టులు రద్దు చేయడం సబబేనని తీర్పు వచ్చింది. ఎంతమంది కమిషనర్లుండాలో రాజ్యాంగం చెప్పదు, రాష్ట్రపతి అంటే ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఈ చిన్న వాక్యంతో ఎంత ఆట ఆడొచ్చో చూడండి.

విజయవాడ_వీధులు
1993లోనూ అదే ఆట కదా. శేషన్‌ని ఒంటరిగా వదిలితే తట్టుకోలేమని ఎం.ఎస్. గిల్‌ని, మన జి.వి.జి. కృష్ణమూర్తి గారిని తెచ్చి పక్కన కూర్చోబెట్టారు. శేషన్, జీవీజీ మధ్య మాటలు పేపర్లకెక్కాయి. మా నాన్నగారు ఆ వార్తలు కత్తిరించి దాచుకునేవారు.

నల్లకోటు
ఉద్దేశం ఏదైనా ఫలితం మంచిదేనని నా అభిప్రాయం. 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రధాన కమిషనర్ సభకు అధ్యక్షుడి లాంటివాడు, మిగతా ఇద్దరికీ యజమాని కాదు. ఏకాభిప్రాయం, కుదరకపోతే మెజారిటీ. ముగ్గురిదీ ఒకే ఓటు.

కానీ ఒకచోట ముగ్గురూ సమానం కాదు. ప్రధాన కమిషనర్‌ని తీసేయాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తీసేసినట్టే, పార్లమెంటు రెండు సభల్లో ప్రత్యేక మెజారిటీతో తీర్మానం కావాలి. మిగతా ఇద్దరికీ ఆ రక్ష లేదు. ప్రధాన కమిషనర్ సిఫారసు చేస్తే ప్రభుత్వం తీసేయొచ్చు. 2009 జనవరిలో అప్పటి ప్రధాన కమిషనర్ గోపాలస్వామి గారు తన సహచరుడు నవీన్ చావ్లాని తొలగించాలని సిఫారసు చేశారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. కొన్ని నెలలకు అదే చావ్లా ప్రధాన కమిషనర్ అయ్యారు. మూడో కుర్చీలో ఉన్నవాడు ఒకటో కుర్చీ మీద ఆశతో, పైవాడి సిఫారసు మీద భయంతో ఓటేయాలి. మెజారిటీ నిర్ణయమంటే సంతోషించే ముందు ఇది కూడా చూడాలి.

2019లో కమిషనర్ అశోక్ లవాసా సంగతి ఇక్కడే కలుస్తుంది. కోడ్ ఫిర్యాదుల్లో తన భిన్నాభిప్రాయాన్ని ఉత్తర్వులో రాయాలన్నారు. ఫైల్లో ఉంటుంది, ఉత్తర్వులో ఉండదని మిగతా ఇద్దరూ తేల్చారు. కోర్టులో మైనారిటీ తీర్పు చదువుకోవచ్చు, ఇక్కడ చదవలేం. 2020లో ఆయన ఆసియా అభివృద్ధి బ్యాంకుకి వెళ్లిపోయారు.

గ్రూప్స్_గురవయ్య
2023 చట్టం కూడా చెప్పెయ్యండి సార్, నోట్స్ రాసుకుంటున్నా.

నల్లకోటు
2023 మార్చి 2న అనూప్ బరన్వాల్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, పార్లమెంటు చట్టం చేసేదాకా ప్రధాని, ప్రతిపక్ష నేత, భారత ప్రధాన న్యాయమూర్తి ముగ్గురూ కలిసి ఎంపిక చేయాలంది. డిసెంబరులో చట్టం వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి స్థానంలో ప్రధాని సూచించే కేంద్ర మంత్రి కూర్చున్నారు. న్యాయశాఖ మంత్రి అధ్యక్షతన అన్వేషణ కమిటీ ఐదు పేర్లు ఇస్తుంది, ఆ ఐదు దాటి కూడా ఎంచుకోవచ్చు. ఇద్దరు ప్రభుత్వం వైపు, ఒకరు ప్రతిపక్షం. లెక్క వేయడానికి వేళ్లు చాలు.

మొదటి ఎంపిక 2024 మార్చి 14న. అప్పటికి ఒక కమిషనర్ రిటైరై, ఇంకొకరు అరుణ్ గోయల్ రాజీనామా చేసి, రాజీవ్ కుమార్ ఒక్కరే మిగిలారు. ముందు రోజు రాత్రి తనకు 212 పేర్ల జాబితా ఇచ్చారని కమిటీలో ఉన్న అధీర్ రంజన్ చౌధురీ బయటికొచ్చి చెప్పారు. రెండు రోజులకే లోక్‌సభ షెడ్యూలు వచ్చేసింది. మార్చి 14న ఎంపికైన ఇద్దరిలో ఒకరైన జ్ఞానేశ్ కుమార్ 2025 ఫిబ్రవరిలో ప్రధాన కమిషనర్ అయ్యారు. చట్టాన్ని సవాలు చేసిన పిటిషన్లలో 2024 మార్చిలో సుప్రీంకోర్టు స్టే ఇవ్వలేదు.

రిటైర్డ్_ఆర్డీవో
నల్లకోటు గారూ, నియామకం మీద మీకున్నంత దిగులు నాకు లేదు. ప్రధాన న్యాయమూర్తి కూర్చున్నంత మాత్రాన సీబీఐ డైరెక్టర్ల ఎంపిక పవిత్రమైపోయిందా? నా మటుకు డబ్బు, సిబ్బంది ముఖ్యం. కాగ్, యూపీఎస్సీ, సుప్రీంకోర్టుల నిర్వహణ ఖర్చు సంచిత నిధి మీద నేరుగా పడుతుంది, దాని మీద పార్లమెంటులో ఓటింగ్ ఉండదు. ఎన్నికల సంఘం కార్యాలయ ఖర్చు మాత్రం ఓటింగ్‌కు వచ్చే పద్దు. మార్చాలని 1994లో బిల్లు పెట్టారు, చట్టం కాకుండానే మురిగిపోయింది. 2015లో లా కమిషన్ 255వ నివేదికలో మళ్లీ చెప్పింది, సొంత సచివాలయం కూడా ఇవ్వాలంది. బరన్వాల్ తీర్పులోనూ కోర్టు పార్లమెంటుకి విజ్ఞప్తితో సరిపెట్టింది. దీని మీద టీవీ చర్చ ఎప్పుడైనా చూశారా?

నల్లకోటు
డబ్బిస్తే వెన్నెముక వస్తుందా సార్?

రిటైర్డ్_ఆర్డీవో
రాదు. కానీ వెన్నెముక ఉన్నవాడికి కింద నలుగురు సొంత మనుషులుంటే పని జరుగుతుంది.

మెల్‌బోర్న్_మూర్తి
ఇక్కడి సంగతి చెప్తాను. ఆస్ట్రేలియా ఎన్నికల కమిషన్‌లోనూ ముగ్గురే. అధ్యక్షుడు ఫెడరల్ కోర్టు జడ్జి, పనిలో ఉన్నవారో రిటైరైనవారో. ఒకరు ఎలక్టోరల్ కమిషనర్, రోజువారీ పనంతా ఆయనది. మూడోవారు మామూలుగా దేశ గణాంక శాఖ అధిపతి. ఒక్కో నియోజకవర్గానికి రిటర్నింగ్ అధికారి కమిషన్ సొంత ఉద్యోగి. ఎన్నికలప్పుడు తాత్కాలిక సిబ్బందిని జనంలోంచి జీతానికి తీసుకుంటారు. మా ఆవిడ ఒకసారి పోలింగ్ కేంద్రంలో చేసింది. ప్రభుత్వోద్యోగి కానక్కర్లేదు.

ఓరుగల్లు_శీను
మూర్తన్నా, మీ దేశం మొత్తం ఓటర్లు మా తెలంగాణ ఓటర్లకంటే ఎన్ని ఎక్కువ? మూడు కోట్లకు పైన మేమే ఉన్నం.

మెల్‌బోర్న్_మూర్తి
నిజమే, రెండు కోట్లు దాటలేదు. అయినా ప్రశ్న అంకెల గురించి కాదు శీనూ. నియోజకవర్గానికి ఒక్క శాశ్వత అధికారిని పెట్టుకుంటే లోక్‌సభకి 543 మంది. అంత పెద్ద దేశానికి ఇది బరువా?

బీఎల్వో_పంతులమ్మ
మీరంతా ఢిల్లీ కాడ ఆగిపోయిండ్రు. చిట్టచివర ఉన్నది నేను, బీఎల్వోని, అంటే బూత్ స్థాయి అధికారిని. బడిల పాఠాలు చెప్పాలె, సెలవు రోజు ఇల్లిల్లు తిరగాలె. మాకు ఇద్దరు సార్లు. హెడ్‌మాస్టరు సిలబస్ అడుగుతడు, తహసీల్దారు ఫారాలు ఎన్నైనయని అడుగుతడు. ఇద్దరికీ పొద్దున పదింటికే కావాలె. బీఎల్వోకి ఏడాదికి ఇచ్చేది 6,000 ఉండె, 2025 ఆగస్టుల 12,000 చేసిండ్రు. కేంద్రానికి 1,500 ఓటర్లుండేది 1,200కి తగ్గించిండ్రు, అది మాత్రం మంచి పని.

డిప్యుటేషన్ సెక్షన్ నాకు తెల్వది. చచ్చిపోయినోళ్ల పేరు తీసేద్దామంటే ఇంటోళ్లు మరణ పత్రం ఇయ్యరు, తీసేయకపోతే నన్ను అడుగుతరు. ఊరు విడిచిపోయినోళ్ల పేరు తీస్తే ఓట్లప్పుడు వచ్చి నా మీద పడతరు. శిక్ష మాకు తొందరగ పడుతది, ఆరు నెలలు ఆగదు.

కొల్లేటి_కొంగ
అమ్మా, మీ మాటతో నా ప్రశ్న సగం తేలింది.

ఇంకొకటి. పంచాయతీ ఎన్నికలు కూడా ఈ ముగ్గురివేనా? 2020లో ఆంధ్రాలో జరిగిన రభస ఎవరిది?

నల్లకోటు
కాదు, అది వేరే కొట్టు. పంచాయతీ, మున్సిపాలిటీలకి రాష్ట్ర ఎన్నికల సంఘం. 73, 74 సవరణలతో వచ్చింది, అధికరణలు 243కె, 243జెడ్ఏ. గవర్నర్ నియమిస్తారు, ఒకే కమిషనర్. తీసేయాలంటే హైకోర్టు జడ్జిని తీసేసినట్టే. ఢిల్లీ సంఘానికి దీని మీద ఏ అధికారమూ లేదు.

2020 మార్చి 15న కరోనా పేరు మీద ఆంధ్రా రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ స్థానిక ఎన్నికలు వాయిదా వేశారు. ప్రభుత్వానికి నచ్చలేదు. తీసేయాలంటే పార్లమెంటు కావాలి, కాబట్టి ఏప్రిల్‌లో ఆర్డినెన్సు తెచ్చి పదవీకాలాన్నే ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదించారు. ఆయన కాలం అప్పటికే ముగిసినట్టయింది. రిటైర్డ్ జడ్జి కనగరాజ్ గారు వచ్చారు. మే 29న హైకోర్టు ఆర్డినెన్సు కొట్టేసింది. సుప్రీంకోర్టు దాకా తిరిగి, జులై ఆఖరుకి మళ్లీ పదవిలోకి. తొలగింపు తలుపుకి తాళం వేస్తే కిటికీలోంచి దూరిన కేసు అది.

విజయవాడ_వీధులు
2021 జనవరిలో ఆయన పంచాయతీ షెడ్యూలు ఇస్తే ఉద్యోగ సంఘాలు మేం చెయ్యమన్నాయి. సుప్రీంకోర్టు చెప్పాకే కదిలారు. ఆర్డీవో గారు చెప్పిన అప్పు సిబ్బంది సమస్యకి అంతకంటే రుజువేముంది?

రిటైర్డ్_ఆర్డీవో
అదే కదా నేను మొత్తుకునేది.

కొల్లేటి_కొంగ
చివరగా ఒక సొంత పని. మా అక్క పేరు జాబితాలో గల్లంతైంది. ఊళ్లోనే ఉంటోంది. ఎవరో "నివాసం లేదు" అని ఫారం 7 (పేరు తీసేయమనే దరఖాస్తు) పెట్టారట. ఎవరి దగ్గరికెళ్లాలి? ఢిల్లీకి రాయనా?

నల్లకోటు
ఢిల్లీకి రాస్తే మళ్లీ మీ తహసీల్దారు బల్ల మీదికే వస్తుంది. "ఇక్కడ ఉండట్లేదు" అని పేరు తీసేముందు ఈఆర్వో ఆవిడకు తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, 1950 చట్టం సెక్షన్ 22. నోటీసు వచ్చిందా, ఎవరు అందుకున్నారు, అది అడగండి. ఈఆర్వో ఉత్తర్వు కాపీ తీసుకుని పదిహేను రోజుల్లో జిల్లా కలెక్టర్‌కి అప్పీలు. అక్కడా కాదంటే ముప్పై రోజుల్లో రాష్ట్ర సీఈవోకి రెండో అప్పీలు.

బీఎల్వో_పంతులమ్మ
అప్పీలు పెట్టుకోండ్రి గానీ, ముందు ఫారం 6 (పేరు చేర్చమనే దరఖాస్తు) కూడ ఇయ్యమనుండ్రి అక్కను. ఆధార్, కరెంటు బిల్లు పెట్టి. రసీదు నంబరు తీసుకోవాలె, నోటి మాట నమ్మొద్దు. మీ ఊరి బీఎల్వో ఎవరో తెలుసుకోండ్రి.

కొల్లేటి_కొంగ
రేపు సోమవారం అక్కని తీసుకుని వెళ్తాను. ఉత్తర్వు కాపీ ఇస్తారో లేదో వచ్చి చెప్తా.